హాట్ వీల్స్ అన్‌లీష్డ్ 2: ట్రాక్ బిల్డర్ మీద గంటలు పెట్టడం దండగేనా?

#1 గేర్_మారని_గిరి
సేల్‌లో హాట్ వీల్స్ అన్‌లీష్డ్ 2 (బొమ్మకార్ల రేసింగ్ గేమ్) తీసుకున్నా. మొదటిది ఆడలేదు. రేసింగ్ వరకు పైసా వసూల్, అందులో అనుమానం లేదు. బ్రేక్ ఒకసారి తట్టి స్టీరింగ్ తిప్పితే కారు అడ్డంగా జారుకుంటూ పోతుంది, జారినంత సేపు బూస్ట్ నిండుతుంది, మలుపు అవ్వగానే నొక్కితే వీపు సీటుకి అతుక్కున్నట్టు ఉంటుంది. కార్లయితే చూడటానికే బాగున్నాయి. ప్లాస్టిక్ బాడీ మెరుపు వేరు, లోహం బాడీ మెరుపు వేరు.

కథ మోడ్ గురించి చెప్పను. బొమ్మ రాక్షసులకి ప్రాణం రావడం, వాటిని పట్టుకోవడం... మా వాడే (రెండో తరగతి) స్కిప్ నొక్కేస్తున్నాడు.

నా గొడవ ట్రాక్ బిల్డర్‌తో. ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఇద్దరం పెరడు సెట్టింగ్‌లో ఒక ట్రాక్ వేశాం. ఎత్తు మీద మొదలు, నిలువుగా గుండ్రంగా తిరిగే ఒక లూప్, అక్కడి నుంచి మలుపు, కింద గడ్డిలోకి దిగడం, మళ్లీ పైకి. చూడటానికి అద్భుతం. నడిపితే లూప్ దిగగానే కారు ఎడమ వైపు గాల్లోకి. ప్రతిసారీ అదే. సరే, నాకు చేతకాలేదు అనుకుందాం. జనం వేసిన ట్రాక్‌లు చూస్తే సగం మరీ ఘోరం. బూస్టర్ (కారుని విసిరికొట్టే ముక్క) మీద బూస్టర్ అతికించి వదిలేశారు.

ఈ "మీ ట్రాక్ మీరే కట్టుకోండి" అన్నది అట్ట మీద రాసుకోవడానికేనా, నిజంగా దీంతో ఆడేవాళ్లు ఉన్నారా?

#2 బుల్లెట్‌బుజ్జి
లూప్‌కి ముందు బూస్టర్ పెట్టావా?

#3 గేర్_మారని_గిరి
పెట్టా. రెండు. ఎక్కదేమోనని.

#4 బుల్లెట్‌బుజ్జి
అదిగో 😂

#5 ఓరుగల్లు_రేసర్
నేను ఆ మెనూ తెరవనే తెరవలె. కారు నడపడానికి గేమ్ కొంటాం, రోడ్డు వేయడానికి కాదు. రోడ్డు వేసేది కాంట్రాక్టర్ పని. పైసలిచ్చి కొన్నాక పని కూడా మనమే చేయాలంటే ఎట్ల?

#6 బుల్లెట్‌బుజ్జి
అన్నా, నువ్వు వేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది కూడా

#7 స్వాతి_సెకండ్‌ల్యాప్
గిరి గారూ, బుజ్జి నవ్వి వదిలేశాడు గానీ విషయం అక్కడే ఉంది. లూప్ వేసేటప్పుడు అందరూ ఎక్కడం గురించే బెంగపడతారు. దిగేటప్పుడు ఎంత వేగం మిగులుతుందన్నది ఎవరూ చూడరు. రెండు బూస్టర్లు తిన్న కారు లూప్‌లోంచి బయటపడేసరికి చక్రాలు ట్రాక్‌కి సరిగా ఆనుకునే ఉండవు. అక్కడే మీరు మలుపు పెట్టారు. నేల తగలని చక్రం తిప్పితే ఏం లాభం?

నేనైతే ఇలా చేస్తాను. బూస్టర్ల బదులు లూప్‌కి ముందు దిగుడు పెడతాను. ఎత్తు నుంచి దిగుతూ కారు తన వేగం తానే తెచ్చుకుంటుంది, అది చాలకపోతే అప్పుడు ఒక్క బూస్టర్. లూప్ తర్వాత తిన్నని ముక్క పెద్దదే పెడతాను. అక్కడ నడిపేవాడు ఊపిరి పీల్చుకోవాలి, కారు కుదురుకోవాలి, తర్వాతి మలుపు కంటికి కనబడాలి. ఎత్తు దాటి కిందికి వంగే చోట్లు కూడా అంతే. మరీ నిటారుగా వంచితే బూస్ట్‌లో ఉన్న కారు నేరుగా ఆకాశంలోకే పోతుంది. కారును ఖచ్చితంగా అతికించి ఉంచాలంటే అయస్కాంతం ముక్క ఉంది, తలకిందులుగా నడిపేటప్పుడు వాడేది. దాన్ని అక్కడ వాడుకోండి.

ఇంకోటి. ఈ గేమ్ మొత్తం బూస్ట్ సంపాదన, బూస్ట్ ఖర్చు మీద నడుస్తుంది. డ్రిఫ్ట్ చేసే మలుపులో సంపాదిస్తాం, తిన్నని చోట ఖర్చు పెడతాం. మంచి ట్రాక్‌లో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నేల మీద బూస్టర్లు పరిచేస్తే డ్రిఫ్ట్ చేయాల్సిన అవసరమే పోతుంది. మీరు ఘోరం అన్న ట్రాక్‌లు అందుకే బోరు కొడతాయి, వేగం చాలక కాదు.

#8 కీబోర్డ్_కిట్టు
స్వాతి చెప్పినదంతా నిజమే, కానీ ఈ కష్టమంతా హాట్ వీల్స్‌లో ఎందుకు పడాలి? ట్రాక్‌మేనియా ఉండగా.

2003 నుంచి వాళ్ల పనే ఇది. నడపడం సగం, కట్టడం సగం. 2020లో వచ్చిన దానికి స్టార్టర్ యాక్సెస్ ఉచితం, ప్రతి సీజన్‌కి 25 ట్రాక్‌లు వాళ్లే ఇస్తారు. ఒక ట్రాక్ మీద అందరికీ ఒకటే కారు. ఇతరుల కార్లు గుద్దుకోవు, నీ లోంచి దూసుకుపోతాయి. కాబట్టి ఓడిపోతే వంక పెట్టడానికి నువ్వు తప్ప ఎవరూ ఉండరు. హాట్ వీల్స్‌లో 130 పైన కార్లు, ఒక్కోదానికి ఒక్కో గుణం. ట్రాక్ బాగుందా, నీ కారు బాగుందా అని ఎలా తేలుస్తావు?

అన్నిటికన్నా ముఖ్యం, ట్రాక్‌మేనియాలో నువ్వు కట్టిన ట్రాక్‌ను నువ్వు పూర్తి చేసి చూపిస్తేనే అది చెల్లుతుంది. నీ టైమే ఆథర్ మెడల్ అవుతుంది. కంచు, వెండి, బంగారం దాని వెనకే. గిరి వేసిన ట్రాక్ అక్కడైతే, ఆ లూప్ దాటేదాకా బయటికే రాదు.

#9 ఓరుగల్లు_రేసర్
వచ్చిండు ట్రాక్‌మేనియా ప్రచారకర్త. ఏ రేసింగ్ గేమ్ గురించి అడిగినా ఇదే పాట.

#10 కీబోర్డ్_కిట్టు
నిజం మాట్లాడితే పాటే వినబడుతుంది మరి

#11 చిన్నకార్ల_చందు
కిట్టూ, 130 కార్లు లోపం అంటున్నావు చూడు, అక్కడే మనకి పడదు. ఈ గేమ్ కొనేవాడు సగం ఆ కార్ల కోసమే కొంటాడు. ట్విన్ మిల్ ఉంది. 1969 నాటి డిజైన్, ముందు రెండు ఇంజిన్లు పక్కపక్కన పైకి కనబడుతూ ఉంటాయి. నా అల్మారాలో ఉన్నది అరచేతిలో సగం కూడా ఉండదు, 1:64 కదా, అంటే నిజం కారులో 64వ వంతు. గేమ్‌లో కెమెరాను దాని బానెట్ మీదికి తీసుకెళ్లి చూస్తే, బొమ్మలో పెయింట్ ఎక్కడ ఆగి ప్లాస్టిక్ ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది. వీటిని నిజం కార్లుగా చూపించలేదు, బొమ్మలుగానే చూపించారు. మిలాన్‌లో ఉన్న మైల్‌స్టోన్ వాళ్లు ఎన్నో ఏళ్లు బైక్ రేసింగ్ గేమ్‌లు తీసి, ఆ చేత్తోనే బొమ్మకారు మీద ఇంత శ్రద్ధ పెట్టారు. నాకది నచ్చింది.

మొదటి భాగం (2021) నుంచి ఆడుతున్నవాడిగా ఒక మాట. అందులో బ్లైండ్ బాక్స్‌లు ఉండేవి. ఆటలో సంపాదించిన నాణేలతో డబ్బా కొంటే ఏ కారు వస్తుందో తెలియదు. ఉన్నదే మళ్లీ వచ్చేది. రెండో దాంట్లో ఆ డబ్బాలు తీసేసి మామూలు దుకాణం పెట్టారు, అందులో సరుకు మారుతూ ఉంటుంది. అందరూ హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం డబ్బాలే ఇష్టం. బయట షాపుల్లో కొక్కేలకు వేలాడే ప్యాకెట్లన్నీ తిరగేసి ట్రెజర్ హంట్ అనే అరుదైన కారు దొరుకుతుందేమో చూసేవాళ్లకి ఆ సరదా తెలుసు.

#12 గేర్_మారని_గిరి
చందు గారూ, డబ్బాలు లేకపోవడమే నాకు మంచిదైంది. మా వాడికి ఆ అలవాటు ఒక్కటే తక్కువ. ఇప్పటికే బయట షాపులో ఆ కొక్కేల దగ్గర పావుగంట.

#13 చిన్నకార్ల_చందు
పావుగంటేనా, ఇంకా మొదటి దశలోనే ఉన్నాడు

#14 పాతపీసీ_పంతులు
ట్రాక్ కట్టుకోవడం ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు గనక కాస్త వెనక్కి వెళ్దాం.

1984లో నింటెండో ఎక్సైట్‌బైక్‌లోనే డిజైన్ మోడ్ ఉంది. గుట్టలు, బురద గుంటలు వరసగా పేర్చుకోవచ్చు. తమాషా ఏంటంటే జపాన్‌లో క్యాసెట్ టేపు మీద దాచుకునే పరికరం దొరికేది. ఆ పరికరం బయటి దేశాలకు రాలేదు. మెనూలో సేవ్, లోడ్ అన్న మాటలు మాత్రం అలాగే ఉండిపోయాయి, నొక్కినా ఏమీ జరగదు. కరెంట్ ఆపేస్తే ట్రాక్ గోవిందా.

1990లో స్టంట్స్. విండోస్‌కి ముందు పీసీల్లో ఉండే డాస్ మీద ఆడేది. లూప్, మెలికల సొరంగం, విరిగిన వంతెన, అన్నీ గళ్ల మీద అతికించుకోవచ్చు. తర్వాత 1999లో రీ-వోల్ట్. ఇది మాత్రం ఇక్కడ సగం మందికి తెలిసే ఉంటుంది, ఇంటర్నెట్ సెంటర్లలో రోడ్ ర్యాష్ పక్కన ఐకాన్ ఉండేది. రిమోట్ కార్లు, సూపర్‌మార్కెట్ అరల మధ్య రేసు. గేమ్‌లో ఎగ్జిబిషన్ జెయింట్ వీల్ లాంటి ఆర్భాటం ఏమీ ఉండేది కాదు, కానీ చిన్న కారు కంటితో పెద్ద గదిని చూడటమన్నది అప్పుడే చేశారు. దానికీ ట్రాక్ ఎడిటర్ ఉంది. ఆ కంపెనీ (అక్లైమ్) 2004లోనే మూతపడింది. ట్రాక్‌లు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, ఆర్‌వీజీఎల్ అని అభిమానులు చేసుకున్న వెర్షన్ మీద.

ఇప్పుడు దీన్ని 2010లో పీఎస్3 (ప్లేస్టేషన్ 3) మీద వచ్చిన మాడ్‌నేషన్ రేసర్స్‌తో పోల్చండి. అందులో ట్రాక్ వేయడం ఎంత బాగుండేదో. ముక్కలు అతికించడం కాదు, రోడ్డు రోలర్ నడుపుకుంటూ పోతే వెనక రోడ్డు పడుతూ వస్తుంది. తిప్పిన చోట మలుపు, లేపిన చోట గట్టు. జనం వేలకు వేలు ట్రాక్‌లు వేశారు. 2018లో సర్వర్లు ఆపేశారు. అయిపోయింది.

కాబట్టి గిరి గారు అడగాల్సిన ప్రశ్న బిల్డర్ బాగుందా అని కాదు. కట్టినది ఎవరి దగ్గర ఉంటుంది అని.

#15 బుల్లెట్‌బుజ్జి
పంతులు గారు క్లాసు తీసుకుంటే అటెండెన్స్ ఉండాల్సిందే. ప్రెజెంట్ సర్

#16 ఓరుగల్లు_రేసర్
రీ-వోల్ట్‌లో టాయ్‌టానిక్ ట్రాక్ యాదికుందా ఎవరికైనా? ఓడ మీద. ఆ మెట్ల దగ్గర నా కారు ఎప్పుడూ పల్టీ కొట్టేది. గంటకి పది రూపాయలు కట్టి పల్టీలు కొట్టినం.

#17 పాతపీసీ_పంతులు
ట్రాక్‌లు వద్దన్న మనిషికి ట్రాక్ పేరు మాత్రం బాగానే గుర్తుంది.

#18 ఓరుగల్లు_రేసర్
అది కంపెనీవాడు వేసిన ట్రాక్ సార్. నేననేది కూడా అదే. వాళ్లు కూర్చొని వేసింది ఇరవై ఏళ్లు దాటినా యాదికుంటది. ఎవడో నిద్ర రాక అర్ధరాత్రి వేసింది రేపటికి యాదుండదు.

#19 స్వాతి_సెకండ్‌ల్యాప్
రేసర్ గారూ, ఆ మాట ఒప్పుకోను. జనం వేసిన వాటిలో చెత్త ఎక్కువ, నిజమే. అందుకే వడపోత కావాలి. కిట్టు చెప్పిన గేమ్‌లో ఆ వడపోత ఉంది. రోజుకి ఒక్క ట్రాక్ ఎంచి ముందు పెడతారు, ట్రాక్ ఆఫ్ ద డే అని. అవన్నీ జనం వేసినవే. వాటిలో కొన్ని కంపెనీ ట్రాక్‌లకన్నా బాగుంటాయి. హాట్ వీల్స్‌లో కొరత బిల్డర్‌లో కాదు, ఏరి పెట్టే పద్ధతిలో. మంచివి లోపలెక్కడో ఉంటాయి, మనమే తవ్వుకోవాలి.

కిట్టూ, నీకు కూడా ఒక మాట. ఒంటరిగా టైము మీద పడి, వెయ్యో వంతు సెకను కోసం అదే మలుపు వందసార్లు తిప్పడం నీకు సరదా. మా ఇంట్లో పిల్లలకు పక్క కారును ఢీకొట్టాలి. ఈ రెండో భాగంలో పక్కకు తోసే డ్యాష్ పెట్టారు కదా, దాన్ని నొక్కి అక్కని ట్రాక్ మీంచి తోసేయడమే మా చిన్నదానికి గేమ్ మొత్తం. కార్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోయే గేమ్ ఇస్తే ఐదు నిమిషాల్లో లేచిపోతుంది.

#20 డాలస్_దాము
ట్రాక్ ఆఫ్ ద డే మాట వచ్చింది కాబట్టి. పారిస్ టైమ్ రాత్రి 7కి వస్తుంది, దాని మీదే కప్ పోటీ కూడా అప్పుడే మొదలు. నాకు ఇక్కడ సరిగ్గా మధ్యాహ్నం 12. లంచ్ డబ్బా పక్కన ప్యాడ్. 15 నిమిషాలు క్వాలిఫయింగ్, తర్వాత 64 మందికి ఒక డివిజన్ చొప్పున విడగొట్టి నాకౌట్. నేను ఏ డివిజన్‌లో పడతానో అడగకండి.

#21 కీబోర్డ్_కిట్టు
అదృష్టవంతుడివి అన్నా. మాకు చలికాలం రాత్రి 11:30, ఎండాకాలం 10:30. పొద్దున స్టాండప్ కాల్‌లో నా ముఖం చూస్తే ముందు రోజు నాకౌట్‌లో ఎంత దూరం వెళ్లానో టీమ్ మొత్తానికి తెలిసిపోతుంది.

#22 బుల్లెట్‌బుజ్జి
ఉచితం అన్నావు, స్టార్టర్‌లో ఇవన్నీ తెరుచుకుంటాయా?

#23 కీబోర్డ్_కిట్టు
అన్నీ తెరుచుకోవు. పూర్తిగా కావాలంటే డబ్బు కట్టాల్సిందే.

#24 బుల్లెట్‌బుజ్జి
ఆ మాట చిన్న అక్షరాల్లో చెప్పావ్ చూడు

#25 గేర్_మారని_గిరి
స్వాతి గారు చెప్పినట్టు మార్చాం. బూస్టర్లు రెండూ పీకేశాను. ప్రారంభాన్ని ఇంకా పైకి లేపి లూప్‌లోకి దిగుడు పెట్టా. ఒక్క బూస్టర్ కూడా అక్కర్లేదు, సునాయాసంగా తిరిగేసింది. లూప్ తర్వాత తిన్నగా పొడుగు ముక్క. ఇప్పుడు మలుపు కనబడుతోంది, అక్కడ డ్రిఫ్ట్ పడుతోంది, నిండిన బూస్ట్‌తో గడ్డిలోకి దిగుతున్నాం. ప్యాడ్ చేతులు మార్చుకుంటూ టైమ్ పెట్టుకున్నాం.

కొత్త గొడవ. గడ్డి తర్వాత పైకెక్కే చోట నేను పెద్ద వంపు తిప్పాను, అందంగా ఉంటుందని. మా వాడు ఆ వంపు తిరగడు. ఒకసారి జంప్, గాల్లోనే ఇంకోసారి జంప్ నొక్కి అవతలి ముక్క మీద వాలిపోతున్నాడు. రెండు మూడు సెకన్లు మిగుల్చుకుంటున్నాడు. నా వంపు మీద ఎవరూ నడవడం లేదు. దీన్ని ఎలా మూయాలి?

#26 స్వాతి_సెకండ్‌ల్యాప్
మూయకండి!

#27 కీబోర్డ్_కిట్టు
మూసెయ్. ట్రాక్ వేసినవాడు అనుకున్న దారి ఒకటి ఉంటుంది, దాన్ని తప్పించుకునేది కట్. మా దగ్గర కట్ దొరికితే ట్రాక్ సరిచేసి మళ్లీ పెడతారు. అవతలి వైపు చెక్‌పాయింట్ (తప్పక దాటాల్సిన గుర్తు) వంపు మధ్యలోకి తెస్తే సరిపోతుంది.

#28 స్వాతి_సెకండ్‌ల్యాప్
అది మీ గేమ్‌లో, అక్కడ జంప్ బటన్ లేదు. ఇక్కడ జంప్ ఊరికే రాదు, బూస్ట్ తింటుంది. రెండు జంప్‌లకి ఇంకా ఎక్కువ. అంటే బాబు వంపు ఎగ్గొట్టి టైమ్ మిగుల్చుకున్నా, ఎక్కేసరికి చేతిలో బూస్ట్ ఉండదు. ఆ పైన తిన్నని దారి పొడుగు పెంచండి. వంపులో డ్రిఫ్ట్ చేసుకుంటూ వచ్చినవాడికి నిండా బూస్ట్ ఉంటుంది, దూకి వచ్చినవాడికి ఖాళీ. అప్పుడు రెండు దారులూ దాదాపు సమానం అవుతాయి. ఏది పట్టుకోవాలో ప్రతి ల్యాప్‌కి ఆలోచించాలి. మొదటి భాగంలో జంప్ లేదు, ఈ మజా కూడా లేదు. రెండో భాగంలో నాకు బాగా నచ్చినది ఇదే, 130 కార్లు కాదు.

#29 చిన్నకార్ల_చందు
మధ్యలో నా కార్లు ఏం చేశాయమ్మా

#30 ఓరుగల్లు_రేసర్
దూకి సరిగ్గా వాలకపోతే?

#31 స్వాతి_సెకండ్‌ల్యాప్
గాల్లో ఉండగా స్టిక్‌తో కారును ముందుకి, వెనక్కి, పక్కలకి వంచొచ్చు. ముక్కు కిందికి వేలాడితే అంచుకి తగిలి పల్టీ. కాస్త వెనక్కి లాగి నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనేలా చూడాలి. బాబుకి ఇప్పటికే వచ్చేసి ఉంటుంది, గిరి గారికి రావాలి.

#32 గేర్_మారని_గిరి
ఆ వంచడం నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వాడు నాకు చెప్పకుండా వాడుకుంటున్నాడన్నమాట.

#33 బుల్లెట్‌బుజ్జి
పోటీదారుడికి రహస్యం ఎవరు చెప్తారు అన్నా

#34 పాతపీసీ_పంతులు
స్వాతి గారి మాటకు నా ఓటు. ఆర్కేడ్ రేసింగ్‌లో దొంగదారి లేకపోతే పిల్లలు రెండోసారి ఆడరు. కిట్టు చెప్పిన పద్ధతి పోటీకి సరి. అక్కడ లెక్క వేరు. ట్రాక్‌మేనియాలో ఒకే ట్రాక్ మీద, ఒకేలా నొక్కితే, ఎన్నిసార్లయినా సరిగ్గా అదే ఫలితం వస్తుంది. అదృష్టానికి చోటు లేదు. ఆ గుణం వల్లే 2021లో పాత రికార్డుల రీప్లేలు తవ్వి, గేమ్ వేగం తగ్గించి ఆడి పెట్టిన దొంగ టైమ్‌లను బయటపెట్టారు. నొక్కిన తీరు మనిషి వేళ్లకి సాధ్యం కానంత దగ్గరగా ఉంది.

#35 కీబోర్డ్_కిట్టు
పంతులు గారూ, ఇది మీకెలా తెలుసు? మా బ్యాచే అనుకున్నా నేను.

#36 పాతపీసీ_పంతులు
ట్రాక్‌మేనియా నేషన్స్ ఫరెవర్ 2008లో వచ్చినప్పటి నుంచి ఉన్నాను నాయనా. అప్పటికి నువ్వు కీబోర్డ్ కాదు, పలక పట్టుకుని ఉంటావు.

#37 బుల్లెట్‌బుజ్జి
పడింది కిట్టుకి 🔥

#38 డాలస్_దాము
గిరి, ఒక సందేహం. గడ్డి ముక్కలో ఏ కారు వాడుతున్నావు? రెండో భాగంలో మట్టి, గడ్డి మీద మామూలు కార్లు నీరసపడతాయి. ఆఫ్‌రోడ్ రకం తీసుకుంటే అక్కడ నష్టపోవు. కానీ తారు లాంటి నున్నటి ముక్కల మీద పిడుగులా పోయే కారు వేరే. ట్రాక్‌లో గడ్డి ఎంత పెట్టావన్న దాన్ని బట్టి కారు ఎంపిక మారుతుంది. మొత్తం ట్రాక్‌లో కాస్తంతే ఉంటే ఎవరూ ఆఫ్‌రోడ్ కారు తీయరు. మరీ ఎక్కువైతే అందరూ అదే తీస్తారు. మధ్యలో ఎక్కడో పట్టుకోవాలి.

కిట్టు "ట్రాక్ బాగుందా, కారు బాగుందా" అన్నాడు కదా, నాకైతే అది లోపంలా కాదు, ఆటలో ఇంకో మెలికలా అనిపిస్తుంది. ట్రాక్ వేసేవాడు కారు ఎంపికను కూడా డిజైన్ చేయాలి.

#39 గేర్_మారని_గిరి
వాడు ఎర్రది, నేను నీలంది. ఇంతవరకు మా ఎంపిక అంతే 🙂 గుణాలు చూసి తీసుకోవాలని ఈ రోజే తెలిసింది.

#40 చిన్నకార్ల_చందు
ఎర్రది తీసుకోవడమే సరైన పద్ధతి

#41 ఓరుగల్లు_రేసర్
సరే, మీరందరూ ఇంతగా చెప్తున్నరని నిన్న రాత్రి బిల్డర్ తెరిచిన. కంట్రోలర్‌తో ఆ కెమెరా తిప్పుడు నా వల్ల కాలె. ముక్క ఒక దగ్గర, కెమెరా ఒక దగ్గర. ఎత్తు ఎంతున్నదో కంటికి తెలియదు. రెండు ముక్కలు కలిసినట్లే కనబడతయి, తీరా చూస్తే ఒకటి కింద, ఒకటి పైన. నా మాట మీద నేను ఉన్న.

#42 స్వాతి_సెకండ్‌ల్యాప్
ఆ కష్టం నిజమే, దాచను. టీవీ ముందు కూర్చుని ప్యాడ్‌తో కట్టడానికి ఓపిక కావాలి. నేను మొదట కాగితం మీద పై నుంచి చూసినట్టు గీసుకుంటాను, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని బాణాలు. తర్వాత మొదలుపెట్టిన ముక్క నుంచి వరసగానే వేస్తాను. మధ్యలో వదిలి వేరే చోట మొదలుపెడితే చివర్లో రెండు కొసలు కలపడం నరకం. నాలుగైదు ముక్కలు వేయగానే నడిపి చూస్తాను, మొత్తం అయ్యాక కాదు. మాడ్‌నేషన్ రోలర్ లాంటి సుఖం ఇందులో లేదు, పంతులు గారు సరిగ్గా చెప్పారు.

#43 ఓరుగల్లు_రేసర్
కాగితం, పెన్సిల్... గేమ్ కాదిది, ఇంజనీరింగ్ డ్రాయింగ్. నేను రెడీమేడ్ ట్రాక్‌ల మీదే ఆడుకుంట. అవి బాగున్నయి, ఆ మ్యూజియంలో డైనోసార్ ఎముకల పక్క నుంచి పోయేది మస్తుగుంది. గిరి అన్నా, నీ ట్రాక్ బయట పెడితే పేరు చెప్పు. నడిపి చూస్త. నడపడం వరకే.

#44 గేర్_మారని_గిరి
పెడతా. పేరు మా వాడు "నాన్న పడ్డ వంపు" అని పెట్టాడు, మార్చనివ్వడం లేదు. స్వాతి గారు చెప్పినట్టు పైన తిన్నని దారి పెంచాక లెక్క నిజంగానే మారింది. నేను వంపులో తిరిగి వచ్చినప్పుడు పైన వాణ్ని పట్టుకుంటున్నా. వాడు ఇప్పుడు ఒక ల్యాప్ దూకి, ఒక ల్యాప్ తిరుగుతున్నాడు. ఏ ల్యాప్ ఏది చేస్తాడో చెప్పడు.

#45 బడ్జెట్_బాబు
మొత్తం చదివాను. నా ల్యాప్‌టాప్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఆఫీసు పనికి కొన్నది. ఈ గేమ్ నడుస్తుందా? లేక పీఎస్5 ఉన్న ఫ్రెండ్ ఇంటికి పోవాలా?

#46 డాలస్_దాము
ఫ్రెండ్‌ని అడుగు. 2024 నవంబర్‌లో పీఎస్ ప్లస్‌లో (ప్లేస్టేషన్ చందా) ఇచ్చారు దీన్ని. అప్పుడు లైబ్రరీలో వేసుకుని, ఇప్పటికీ ప్లస్ కడుతూ ఉంటే అతని దగ్గర ఉన్నట్టే. చాలామందికి ఉన్న సంగతి కూడా గుర్తుండదు.

#47 కీబోర్డ్_కిట్టు
ల్యాప్‌టాప్ మీద అయితే నేషన్స్ ఫరెవర్ వేసుకో. ఉచితం, ఎడిటర్ కూడా అందులోనే. అలాంటి ల్యాప్‌టాప్ మీదే నేను మొదలుపెట్టాను. ప్యాడ్ కొనక్కర్లేదు, కీబోర్డ్ చాలు. పెద్ద పెద్ద ఆటగాళ్లే కీబోర్డ్ మీద ఆడతారు.

#48 పాతపీసీ_పంతులు
లేదా ఆర్‌వీజీఎల్. చిన్న కార్లు కావాలంటే అదే దగ్గర.

#49 బడ్జెట్_బాబు
నేషన్స్ దించుతున్నా. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ వాళ్లు ఇన్‌స్టాల్ చేయనిస్తారో లేదో.

#50 బుల్లెట్‌బుజ్జి
టికెట్ వేసేటప్పుడు కారణం దగ్గర ఏం రాస్తావో ఇక్కడ పెట్టు బాబూ, నేను కాపీ కొట్టుకుంటా